చోటు కోసం ఊరు మారితే

జట్టులో రెండోవాడిగా మిగిలిపోవడమా, మరో రాష్ట్రం తలుపు తట్టడమా? పుదుచ్చేరి క్రికెట్‌లో ఈ ప్రశ్నకు రెండు వైపులా కనిపిస్తాయి.

పుదుచ్చేరి ఊరి వెలుపల తుత్తిపట్టు మైదానంలోనైనా, దేశంలోని మరే మైదానంలోనైనా రంజీ మ్యాచ్ ఉదయం ఒక కుర్రాడు అందరికంటే ముందే చెమటోడుస్తుంటాడు. బౌలర్లు చేతులు సాగదీస్తూ విసిరే బంతులు పట్టేది అతనే. బ్యాట్స్‌మెన్‌కు త్రోడౌన్లు ఇచ్చేదీ అతనే. మొదటి కీపర్ సాధన చేస్తుంటే అటూ ఇటూ బంతులు కొట్టి అందించేదీ అతనే. టాస్ పడగానే తుది జట్టు ఆటగాళ్లు మైదానంలోకి వెళ్తారు, అతను బిబ్ తొడుక్కుని మంచినీళ్ల సీసాలు సర్దుకుంటాడు. నాలుగు రోజులూ అంతే. ఎవరి గ్లోవ్స్ తడిశాయో, ఎవరికి అరటిపండు కావాలో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సాయంత్రం స్కోరుకార్డులో మాత్రం అతని పేరుండదు.

అతనే రెండో వికెట్ కీపర్. జట్టులో అందరికంటే వింత పరిస్థితి అతనిది. ఓపెనర్లు ఇద్దరుంటారు. స్పిన్నర్లకు ఇద్దరికో ముగ్గురికో చోటుంటుంది. మిడిలార్డర్‌లో ఒకరు విఫలమైతే మరొకరికి పిలుపు వస్తుంది. వికెట్ల వెనుక మాత్రం ఒక్కడే నిలబడతాడు. ఆ ఒక్కడూ ఆరోగ్యంగా ఉండి, అడపాదడపా పరుగులు చేస్తూ, పైగా కెప్టెన్ కూడా అయితే రెండోవాడికి దారి మూసుకుపోయినట్టే. మొదటివాడి వేలు విరగాలని కోరుకోలేడు. కోరుకోకుండా ఉండటమూ కష్టమే.

రాత్రి ఇంటి నుంచి ఫోన్ వస్తుంది. ఇంటి భాష ఏదైనా మాటలు ఇంచుమించు ఒక్కటే. తెలుగింట్లోనైతే ఇలా ఉంటాయి.

“ఆడావా నాన్నా?”

“లేదు నాన్నా. ఈసారీ అన్నే ఆడాడు.”

“ఎన్నాళ్లురా ఇలాగ?”

ఆ చివరి ప్రశ్నకు జవాబు ఆ కుర్రాడి దగ్గరుండదు. చాలాసార్లు కోచ్ దగ్గరా ఉండదు. ఆటగాడి వయసు మాత్రం ఆగదు. పద్నాలుగేళ్లప్పుడు చదువు పక్కనబెట్టి గ్లోవ్స్ పట్టుకున్నవాడికి ఇరవై నాలుగొచ్చేసరికి చేతిలో ఉద్యోగం ఉండదు, పేరు పక్కన మ్యాచ్‌లూ ఉండవు. అప్పుడే మొదటిసారిగా ‘ఎన్ఓసీ’ అనే మాట మనసులో మెదులుతుంది. సొంత రాష్ట్ర సంఘం నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుంటే మరో రాష్ట్రానికి ఆడొచ్చు. ఒక చిన్న కాగితం. అడగడానికి మాత్రం చాలా ధైర్యం కావాలి.

ఒకే కుర్చీ, ఇద్దరు మొనగాళ్లు

ఈ చిక్కు క్రికెట్‌కు మాత్రమే సొంతం కాదు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో క్వార్టర్‌బ్యాక్ స్థానం అచ్చం ఇలాంటిదే. ప్రతి ఎత్తుగడలో బంతి అతని చేతికే వస్తుంది, ఎవరికి విసరాలో అతనే తేల్చాలి. మైదానంలో ఒక్కడికే చోటు. అక్కడి కాలేజీ జట్లలో రెండో క్వార్టర్‌బ్యాక్‌గా మిగిలిపోయిన కుర్రాళ్లు కాలేజీ మారడం ఇప్పుడు సర్వసాధారణం. 2018 అక్టోబర్‌లో ‘ట్రాన్స్‌ఫర్ పోర్టల్’ అనే నమోదు పద్ధతి వచ్చింది. కాలేజీ మారితే ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాలన్న పాత నిబంధనను 2021లో సడలించారు. దాంతో తలుపులు బార్లా తెరుచుకున్నాయి.

జో బరోది అందరూ చెప్పుకునే కథ. ఒహాయో స్టేట్ జట్టులో మూడేళ్లున్నా అతను విసిరిన పాస్‌లు మొత్తం 39. ఇక అక్కడ తన వంతు రాదని తేలాక 2018లో లూసియానా స్టేట్ యూనివర్సిటీకి మారాడు. 2019లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ అందుకున్నాడు, 2020 జనవరిలో జట్టును జాతీయ విజేతగా నిలిపాడు. అదే ఏడాది వృత్తి లీగ్ డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైంది అతనే.

జేలెన్ హర్ట్స్ కథ ఇంకాస్త లోతైనది. 2018 జనవరిలో అలబామా జట్టు జాతీయ ఫైనల్లో వెనుకబడి ఉండగా విరామం తర్వాత కోచ్ అతన్ని కూర్చోబెట్టి, తొలి ఏడాది కుర్రాడు టువా టాగోవైలోవాను దించాడు. జట్టు గెలిచింది, హర్ట్స్ కుర్చీ పోయింది. అతను వెంటనే వెళ్లిపోతాడని అందరూ అనుకున్నారు. వెళ్లలేదు. ఆ ఏడాదంతా రెండోవాడిగానే ఉన్నాడు. డిసెంబర్‌లో అదే మైదానంలో, అదే ప్రత్యర్థిపై టువా గాయపడితే చివరి అంకంలో దిగి మ్యాచ్ గెలిపించాడు. డిగ్రీ పూర్తి చేశాడు. ఆ తర్వాతే ఓక్లహోమాకు మారాడు. 2025 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా ఈగిల్స్ సూపర్ బౌల్ గెలిచినప్పుడు అత్యుత్తమ ఆటగాడు అతనే.

ఇలాంటి కథలు వినడానికి బాగుంటాయి. అయితే పోర్టల్‌లో పేరు రాయించుకున్న చాలామందికి మంచి చోటు దొరకదు. ఉన్న చోటూ పోతుంది. పత్రికలు వాళ్ల గురించి రాయవు.

విదర్భ నుంచి బరోడాకు

మన దగ్గర దీనికి తాజా ఉదాహరణ జితేశ్ శర్మ. టీ20ల్లో భారత జట్టుకు ఆడిన వికెట్ కీపర్. ఐపీఎల్‌లో 2025లో బెంగళూరు తొలిసారి కప్పు గెలిచినప్పుడు ఆ జట్టు కీపర్ అతనే. కానీ సొంత రాష్ట్ర జట్టు విదర్భకు 2024-25 రంజీ సీజన్లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కారణంలో దాపరికమేమీ లేదు. విదర్భ కీపర్ అక్షయ్ వాడ్కరే జట్టు కెప్టెన్ కూడా. ఆ ఏడాది రంజీ ట్రోఫీ గెలిచింది విదర్భే. గెలిచిన జట్టులో మార్పు కోరడం ఎవరి తరం? ఆ వేసవిలో జితేశ్ బరోడాకు మారాడు. దేశానికి ఆడినవాడికీ సొంత రాష్ట్రంలో కుర్చీ దొరకదన్న సంగతి రెండో కీపర్లందరికీ ఊరటో, హెచ్చరికో వాళ్లే తేల్చుకోవాలి.

తెలుగువారికి ఈ వలస కొత్త కాదు. హైదరాబాద్‌లో మొదలైన అంబటి రాయుడు తర్వాత ఆంధ్రకు, బరోడాకు, విదర్భకు ఆడాడు. కాకినాడలో పుట్టిన హనుమ విహారి హైదరాబాద్‌తో మొదలుపెట్టి 2016లో ఆంధ్రకు వచ్చాడు. రెండేళ్లకు ఓవల్‌లో టెస్టు క్యాప్ అందుకున్నాడు. మధ్యలో ఒకసారి హైదరాబాద్‌కు వెళ్లి మళ్లీ వచ్చాడు. 2025లో ఆంధ్రను వదిలి త్రిపురకు మారాడు. ఒక్కో మార్పు వెనుక ఒక్కో కారణం. కొన్ని అవకాశం కోసం, కొన్ని మాట పట్టింపుల వల్ల. అభిమానులు మాత్రం అన్నిటినీ ఒకే గాటన కట్టి ‘నిలకడ లేనివాడు’ అనేస్తారు. ఉద్యోగంలో ప్రమోషన్ రాకపోతే కంపెనీ మారిన ఇంజినీరును మాత్రం ‘తెలివైనవాడు’ అంటారు.

పుదుచ్చేరి తలుపు తెరిచిన ఏడాది

అమెరికాలో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ మొదలైన 2018లోనే, ఇక్కడ మరో తలుపు తెరుచుకుంది. సుప్రీంకోర్టు తీర్పు తర్వాత రంజీ ట్రోఫీలోకి ఒకేసారి తొమ్మిది కొత్త జట్లు వచ్చాయి. వాటిలో పుదుచ్చేరి ఒకటి. జట్ల సంఖ్య 37కు చేరింది. బెంచీలపై కూర్చున్నవాళ్ల దృష్టిలో అవి తొమ్మిది జట్లు కావు, 99 చోట్లు.

2011 లెక్కల ప్రకారం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంత జనాభా సుమారు పన్నెండున్నర లక్షలు. రంజీ స్థాయిలో ఆడిన అనుభవం ఉన్నవాళ్లు స్థానికంగా లేరు. జట్టు నిలబడాలంటే బయటివాళ్లు కావాలి. నిబంధనల ప్రకారం ఒక్కో జట్టు ముగ్గురు అతిథి ఆటగాళ్లను తీసుకోవచ్చు. తొలి సీజన్లోనే హిమాచల్ నుంచి పారస్ డోగ్రా, ముంబై నుంచి అభిషేక్ నాయర్, రాజస్థాన్ నుంచి పంకజ్ సింగ్ వచ్చారు. మరుసటి ఏడాది కర్ణాటకకు రెండు రంజీ కప్పులు అందించిన కెప్టెన్ వినయ్ కుమార్ వచ్చాడు. 2020లో సౌరాష్ట్ర నుంచి షెల్డన్ జాక్సన్ వచ్చాడు. వీళ్లెవరూ అనామకులు కారు. కొందరికి వయసు మీద పడింది. కొందరికి సొంత జట్టు పాతబడింది. అందరికీ కావలసింది మాత్రం ఒకటే, ఆడటానికి మ్యాచ్‌లు.

ఫలితం కనిపించింది. 2021 జనవరిలో ముంబైలో జరిగిన సయ్యద్ ముస్తాక్ అలీ ట్రోఫీ మ్యాచ్‌లో ఆంధ్ర 226 పరుగులు చేసింది. టీ20లో అది కొండంత స్కోరు. జాక్సన్ 50 బంతుల్లో 106 పరుగులతో అజేయంగా నిలిచి పుదుచ్చేరిని గెలిపించాడు. అంబటి రాయుడు నాయకత్వంలోని ఆంధ్ర, కొత్త జట్టు చేతిలో ఓడిపోయింది. అదే టోర్నీలో 41 ఏళ్ల శాంతమూర్తి 20 పరుగులకే 5 వికెట్లు తీసి ముంబైని 94 పరుగులకు కూల్చాడు. నలభై దాటాక కూడా ఆడించే జట్టు ఉంటే బంతి మాట వింటుందని దేశం చూసింది.

ఆ రాత్రి వాళ్ల ఇళ్లలో ఎవరూ “ఆడావా నాన్నా?” అని అడిగి ఉండరు.

వచ్చినవాడు లేపినవాడు

అయితే ప్రతి రాకకూ మరో ముఖం ఉంది. ఒకడికి చోటు దొరికిందంటే మరొకడు లేవాలి. తన రాష్ట్రంలో బెంచీ మీద కూర్చోలేక వచ్చినవాడు ఇక్కడ మరో కుర్రాణ్ని బెంచీ ఎక్కిస్తాడు. బాధ పోలేదు, చేతులు మారిందంతే.

పుదుచ్చేరిలో ఈ చిక్కు మొదటి నెలలోనే బయటపడింది. 2018 సెప్టెంబర్‌లో విజయ్ హజారే ట్రోఫీ నడుస్తుండగానే, అర్హత నిబంధనల వివాదంతో ఎనిమిది మంది ఆటగాళ్ల నమోదును బీసీసీఐ రద్దు చేసింది. వాళ్ల స్థానంలో రాత్రికి రాత్రి వేరేవాళ్లను వెతకాల్సి వచ్చింది. కొందరికి కల చెదిరింది. మరికొందరికి అనుకోకుండా పిలుపొచ్చింది. ఆటలో ఒకరి దురదృష్టమే మరొకరి తొలి మ్యాచ్ అని ఆ వారం తుత్తిపట్టుకు తెలిసొచ్చింది.

గొడవ అక్కడితో ఆగలేదు. ‘అతిథి’ అన్న మాటకు ముగ్గురే అనే హద్దుంది. ‘స్థానికుడు’ అన్న మాటకు మాత్రం నిర్వచనం సాగుతుంది. పుట్టుక, చదువు, ఉద్యోగం, నివాసం... వీటిలో ఏదో ఒక కాగితం చూపితే చాలు. 2025 డిసెంబర్‌లో ఒక జాతీయ ఆంగ్ల దినపత్రిక, బయటి రాష్ట్రాల వారిని అడ్డదారి కాగితాలతో స్థానికులుగా ఆడిస్తున్నారన్న ఆరోపణలపై పెద్ద పరిశోధన ప్రచురించింది. 2021 నుంచి పుదుచ్చేరి ఆడిన 29 రంజీ మ్యాచ్‌లలో అక్కడ పుట్టినవాళ్లు ఐదుగురే ఆడారని ఆ పత్రిక లెక్క తేల్చింది. అదే నెలలో పుదుచ్చేరి అండర్-19 కోచ్‌పై దాడి జరిగింది. తలకు తీవ్ర గాయమైంది. జట్టుకు ఎంపిక కాలేదన్న కోపంతో స్థానిక ఆటగాళ్లే కొట్టారన్న ఆరోపణపై పోలీసులు కేసు నమోదు చేశారు.

దాడిని ఎవరూ సమర్థించరు. కానీ అది ఎక్కడి నుంచి పుట్టుకొచ్చిందో అర్థం చేసుకోవడానికి సెలెక్టరే కానక్కర్లేదు. తొమ్మిది గంటలకు మైదానానికి వచ్చి, ఐదు గంటలకు వెళ్లిపోతూ, ఏళ్ల తరబడి ‘వచ్చే మ్యాచ్‌కు చూద్దాం’ అన్న మాట వింటే మనిషి రెండే పనులు చేస్తాడు. వెళ్లిపోతాడు, లేదా కుళ్లిపోతాడు. వెళ్లిపోవడానికి పెద్ద రాష్ట్రం వాడికి పుదుచ్చేరి ఉంది. పుదుచ్చేరి కుర్రాడికి ఏముంది? 2018కి ముందు తమిళనాడు వైపు చూసేవాడు. ఇప్పుడు అక్కడి నుంచే మనుషులు ఇటు వస్తున్నారు.

‘స్థానికుడు’ అన్న మాట ఎంత చిత్రమైనదో తెలియాలంటే యానాం వెళ్లాలి. పుదుచ్చేరికి ఎనిమిది వందల కిలోమీటర్లకు పైగా దూరంలో, గోదావరి ఒడ్డున, ముప్పై చదరపు కిలోమీటర్ల తెలుగు గడ్డ. అక్కడ పుట్టిన కుర్రాడికి తమిళం రాకపోయినా పుదుచ్చేరి జట్టులో అతను స్థానికుడే. ముప్పై కిలోమీటర్ల అవతల కాకినాడలో పుట్టినవాడు అదే యాస మాట్లాడినా, అదే పూతరేకులు తిన్నా అక్కడ బయటివాడే. గీత ఎక్కడ గీసినా ఎవరో ఒకరికి అన్యాయంగానే కనిపిస్తుంది. గీతే లేకపోతే ఇంకా పెద్ద అన్యాయం జరుగుతుంది.

ఎదురుచూపు విలువ

ఇంతకీ ఆ రెండో కీపర్ ఏం చేయాలి? ఉండాలా, వెళ్లాలా?

ఉండిపోయినవాళ్ల కథలూ ఉన్నాయి. వృద్ధిమాన్ సాహా 2010 ఫిబ్రవరిలో నాగ్‌పూర్‌లో తొలి టెస్టు ఆడాడు, అదీ కేవలం బ్యాట్స్‌మన్‌గా. అప్పటికి వికెట్ల వెనుక ధోనీ ఉన్నాడు. 2014 డిసెంబర్‌లో ధోనీ టెస్టులకు గుడ్‌బై చెప్పేనాటికి సాహా ఆడినవి మూడే టెస్టులు, వయసు ముప్పై. తర్వాత మొత్తం 40 టెస్టులు పూర్తి చేశాడు. దేశం జట్టును మార్చుకునే వీల్లేదు కాబట్టి ఎదురుచూశాడు. రాష్ట్రం సంగతి వేరు. 2022లో మనసు కష్టపడ్డప్పుడు ఆయనే బెంగాల్‌ను వదిలి త్రిపురకు వెళ్లాడు. రెండేళ్లకు మళ్లీ బెంగాల్‌కు వచ్చి అక్కడే ఆట ముగించాడు.

విశాఖపట్నం కుర్రాడు కోన శ్రీకర్ భరత్‌ది ఇంకో రకం ఎదురుచూపు. 2015లో గోవాపై 308 పరుగులు చేసి, రంజీ చరిత్రలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన తొలి వికెట్ కీపర్ అయ్యాడు. 2019లో సాహాకు తోడుగా భారత జట్టులోకి పిలుపొచ్చింది. 2021 నవంబర్‌లో కాన్పూర్‌లో సాహాకు మెడ పట్టేస్తే బదులుగా కీపింగ్ చేసి అందరి మెప్పూ పొందాడు. కానీ స్కోరుకార్డులో తుది జట్టు సభ్యుడిగా పేరు పడటానికి 2023 ఫిబ్రవరి దాకా ఆగాల్సి వచ్చింది. అదీ రిషభ్ పంత్ కారు ప్రమాదంలో గాయపడ్డాక. ఏడు టెస్టులు ఆడాడు. 2024 ఫిబ్రవరిలో సొంతూరు విశాఖలో ఆడిన తర్వాత అతని చోటు ధ్రువ్ జురెల్‌కు దక్కింది. మూడేళ్లకు పైగా చూసిన ఎదురుచూపు ఏడాదిలో కరిగిపోయింది. అయినా ఆ ఏడు టెస్టులు ఎవరూ చెరపలేనివి.

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒక సంగతి తేలుతుంది. ఉండటం విధేయత కాదు, వెళ్లడం ద్రోహమూ కాదు. రెండూ లెక్కలే. హర్ట్స్ ఉన్నాడు, తర్వాత వెళ్లాడు. సాహా వెళ్లాడు, తిరిగి వచ్చాడు. జితేశ్ కప్పు గెలిచిన జట్టును వదిలి వెళ్లాడు. వాళ్లందరికీ ఒక్కటి స్పష్టంగా తెలుసు, తాము ఎక్కడ నిలబడ్డారో. రెండోవాణ్ని నిజంగా తినేసేది బెంచీ కాదు, అనిశ్చితి. ‘ఈ సీజన్లో నీకు రెండు మ్యాచ్‌లు’ అని చెబితే ఓర్చుకుంటాడు. ‘నీకు ఇక్కడ దారి లేదు, కాగితం తీసుకో’ అన్నా ఏడ్చి లేచి నిలబడతాడు. ‘చూద్దాం’ అన్న మాట మాత్రం అతని వయసును నమిలేస్తుంది.

రాష్ట్ర సంఘాలు రెండోవాడికి బాకీపడ్డది ఆ ఒక్క నిజమే. సీజన్ మొదలు కాకముందే, మరో ఊరి గడువు దాటకముందే చెప్పాల్సిన నిజం. బయటి నుంచి వచ్చేవాడికి ఎన్ని చోట్లు, ఊరివాడికి ఎన్ని చోట్లు అన్నది రాసిపెట్టి, రాసినట్టే నడుచుకోవడం రెండో బాకీ. అప్పుడు చోటు దక్కనివాడికి కోపం రాదని కాదు. ఆ కోపం కోచ్ మీదికి కాకుండా నెట్స్‌లో బంతి మీదికి వెళ్తుంది.

సాయంత్రం మ్యాచ్ ముగిశాక పుదుచ్చేరి బీచ్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. గాంధీ విగ్రహం దగ్గర జనం గుమిగూడతారు. ఆ గుంపులో జట్టు ట్రాక్‌సూట్‌లో ఒక కుర్రాడు కనిపిస్తే, ఈ ఊరికి చోటు వెతుక్కుంటూ వచ్చినవాడో, ఈ ఊరి నుంచి చోటు వెతుక్కుంటూ వెళ్లబోయేవాడో చెప్పడం కష్టం. ఇద్దరి జేబులో మోగే ఫోనూ ఒకటే. అవతలి నుంచి వచ్చే ప్రశ్నా ఒకటే.

“ఆడావా నాన్నా?”